మొదటి ఇన్‌లైన్ స్కేట్లు: ఏ నేలకు, ఏ పాదానికి ఏవి సరిపోతాయి?

సరదాకూ వ్యాయామానికీ కలిసివచ్చేలా స్కేటింగ్ మొదలుపెడదామనుకున్న పెద్దవాళ్లకు మొదటి చిక్కు కొనుగోలు దగ్గరే ఎదురవుతుంది. చక్రాలు రెండు వరసల్లో ఉండే క్వాడ్లు, ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్లు, వాటిలో మళ్లీ మెత్తని బూటువి, గట్టి బూటువి, 80 మిల్లీమీటర్ల చక్రాలవి, 110 మిల్లీమీటర్లవి, రెండు వేలకు వచ్చేవి, పాతిక వేలు పెట్టినా రానివి ఒకేసారి కళ్ల ముందుకు వస్తాయి. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు చెప్పడం కష్టం. మీరు రోజూ తిరగబోయే నేల ఎలాంటిది, దాని మీద మీరు ఎలా ఆగుతారు, బూటు మీ పాదాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుంది అని అడిగితే మాత్రం ఎంపిక చాలావరకు తేలిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే సాగుతుంది.

వ్యాయామంగా దీని విలువ గురించి రెండు మాటలు. 60 కిలోల బరువున్న మనిషి గంటకు 14 కిలోమీటర్ల వేగంతో, అంటే తీరికగా సైకిల్ తొక్కే వేగంతో, ఒక గంట స్కేటింగ్ చేస్తే సుమారు 450 కిలో కాలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే అయ్యే ఖర్చు 250 ప్రాంతంలో ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ పడే దెబ్బ ఇందులో మోకాళ్ల మీద పడదు. తొడలు, పిరుదులు, నడుము కండరాలు మాత్రం బాగా పనిచేస్తాయి. అయితే పరుగులో లేని ప్రమాదం ఒకటి ఇందులో ఉంది, అది కింద పడటం. అందుకే కింది కొలమానాల్లో వేగానికి చోటు ఇవ్వలేదు.

ముందు చూడవలసినవి

*నేల.* మన ఊళ్లలో స్కేటర్‌కు దొరికే నేలలు నాలుగైదు రకాలు. స్కేటింగ్ కోసం కట్టిన రింకులోని నున్నని కాంక్రీటు లేదా పాలిష్ రాయి అన్నింటికంటే సులువైనది. గేటెడ్ కమ్యూనిటీల్లోని సిమెంటు రోడ్డు చూడటానికి చదునుగా ఉన్నా, వాహనాలు జారకుండా చీపురుతో గీసిన గీతలూ, పలకకూ పలకకూ మధ్య సందులూ ఉంటాయి. కొత్త తారు రోడ్డు బాగుంటుంది. పాతబడి కంకర తేలిన తారు రోడ్డు మీద చిన్న చక్రాలతో పది నిమిషాలు తిరిగితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇక అపార్ట్‌మెంటు సెల్లార్. చాలామంది మొదటి అడుగులు అక్కడే వేస్తారు కనుక దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పార్కింగ్ టైల్స్ మీద సన్నని దుమ్ము పేరుకుని ఉంటుంది, కార్ల కింద కారిన ఆయిల్ మరకలు ఉంటాయి, ర్యాంపు అడుగున వాన నీరు పోవడానికి అడ్డంగా ఇనుప జాలీ ఉంటుంది. ఆ జాలీ సందుల్లో 80 మిల్లీమీటర్ల చక్రం ఇరుక్కుంటే మనిషి ముందుకు పడటం తప్పదు. సెల్లార్‌లో నేర్చుకోండి, కానీ ర్యాంపుకు ఎదురుగా నేర్చుకోవద్దు. పగలు వెలుతురులో ఒకసారి చుట్టూ నడిచి జాలీలు ఎక్కడున్నాయో చూసుకోండి.

*చక్రం వ్యాసం.* 80 మిల్లీమీటర్ల చక్రానికి ఇరుసు నేల నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, 110 చక్రానికి 55 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గులకరాయినో పగులునో దాటేటప్పుడు పెద్ద చక్రం సులువుగా ఎక్కి దిగుతుంది, చిన్నది తడబడుతుంది. ఒక చుట్టుకు చిన్న చక్రం 25 సెంటీమీటర్లు పోతే పెద్దది దాదాపు 35 పోతుంది. ఇవన్నీ చూస్తే పెద్దదే మేలనిపిస్తుంది. కానీ ఆ 15 మిల్లీమీటర్ల ఎత్తు తేడాకు చీలమండ మీద పడే ఒత్తిడి పెరుగుతుంది, వేగం మీరు కోరకుండానే వస్తుంది, ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. మొదటి జతకు 80 నుంచి 90 మధ్య ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం. గరుకు తారు మీద తప్ప వేరే దారి లేనివాళ్లు 84 లేదా 90 వైపు మొగ్గవచ్చు. చక్రాల గట్టితనాన్ని అంకె పక్కన 'ఎ' అక్షరంతో ముద్రిస్తారు. 82ఎ నుంచి 85ఎ వరకు ఉన్నవి బయటి రోడ్లకు సరిపోతాయి.

*బ్రేకు.* కొనేవాళ్లు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను. ఫిట్‌నెస్ స్కేట్లలో, అంటే వ్యాయామానికి వాడే మెత్తని బూటు రకంలో, సాధారణంగా కుడి మడమ వెనుక ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని ఎడమ కాలికి మార్చుకోవచ్చు. బ్రేకు ఉన్న పాదాన్ని అరబూటంత ముందుకు జరిపి, మోకాళ్లు వంచి, కాలివేళ్లను పైకెత్తి, మడమను నేలకు అదిమితే వేగం తగ్గుతుంది. చూడటానికి గొప్పగా ఉండదు. అయితే వాలు రోడ్డు మీద, చుట్టూ చోటు లేనప్పుడు, కొత్తవాళ్లను కాపాడేది ఇదే. వీధుల్లో తిరగడానికి వాడే గట్టి బూటు అర్బన్ స్కేట్లు, పందేలకు వాడే స్పీడ్ స్కేట్లు చాలావరకు ఈ దిమ్మ లేకుండానే వస్తాయి. వాటితో ఆగాలంటే వెనుక కాలిని అడ్డంగా పెట్టి ఈడ్చే టీ-స్టాప్‌నో, కాళ్లు రెండూ ఎడం చేసి మడమలు బయటికి తోసే ప్లావ్ స్టాప్‌నో నేర్చుకోవాలి. రెండూ నేర్చుకోదగ్గవే, కానీ వారం రోజుల్లో రావు. బంజారాహిల్స్ లాంటి ఎత్తుపల్లాల కాలనీలో ఉండేవారు, విశాఖలో బీచ్ రోడ్డు దాటి పైకెక్కే వీధుల్లో ఉండేవారు బ్రేకు లేని జతతో బయటికి దిగవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

*బూటు పట్టు.* నేను ముప్పై తొమ్మిదో ఏట స్కేటింగ్ మొదలుపెట్టినప్పుడు కొన్న మొదటి జత ఒక సైజు పెద్దది. వదులుగా ఉంటే రెండు జతల సాక్సులు వేసుకోవచ్చని దుకాణంలో చెప్పిన మాట నమ్మాను. రెండు నెలలపాటు నా చీలమండలు లోపలికి వాలిపోతూనే ఉన్నాయి. నా కాళ్లలో బలం లేదనుకుని రోజూ వ్యాయామాలు కూడా చేశాను. తర్వాత ఒక కోచ్ నా బూటు మడమ దగ్గర వేలు దూర్చి, 'సార్, మీ కాలికేం కాలేదు, లోపల మడమ లేస్తోంది' అన్నారు. సరైన సైజు బూటు వేసుకున్న రోజే నిటారుగా నిలబడగలిగాను. చీలమండలు వాలిపోతున్నాయని స్కేటింగ్ మానేసినవాళ్లలో చాలామంది సమస్య ఇదే అయి ఉంటుందని నాకనిపిస్తుంది.

సైజు చూసుకునే పద్ధతి ఇది. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడి బొటనవేలి చివర గీత గీయండి. రెండు పాదాలూ మిల్లీమీటర్లలో కొలిచి, పెద్ద అంకెను కంపెనీ సైజు పట్టికతో పోల్చండి. మీ చెప్పుల నంబరును నమ్మకండి. స్కేటు తొడిగాక మడమను నేలకు రెండు మూడుసార్లు తట్టి, పాదాన్ని వెనక్కి కూర్చోబెట్టి, అప్పుడు లేసులు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను మెత్తగా తాకాలి. మోకాళ్లు వంచగానే అవి కొద్దిగా వెనక్కి రావాలి, మడమ మాత్రం కదలకూడదు. కొత్త బూటు లోపలి మెత్తని పొర, అంటే లైనర్, వాడేకొద్దీ అణిగి కాస్త చోటిస్తుంది కనుక మొదట్లో ఒరుసుకోకుండా బిగువుగా ఉన్నదే సరైనది. పదిహేను నిమిషాలు వేసుకుని దుకాణంలోనే నిలబడండి. నొప్పి ఎక్కడైనా ఒకచోట గుచ్చినట్టు ఉంటే ఆ మోడల్ మీ పాదానిది కాదు.

చక్రాల మధ్యలో ఉండే బేరింగుల మీద ముద్రించే ఎబెక్ అంకె గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అది తయారీలో కొలతల ఖచ్చితత్వాన్ని చెబుతుంది, మీ వేగాన్ని చెప్పదు. 5 ఉన్నా 7 ఉన్నా మొదటి సంవత్సరం మీకు తేడా తెలియదు.

ఐదు రకాలు, పక్కపక్కన

ధరలు సుమారుగా ఇచ్చినవి; బ్రాండును బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి.

| రకం | చక్రాలు | బ్రేకు | ఏ నేలకు | సుమారు ధర (రూపాయల్లో) |
|---|---|---|---|---|
| సైజు మార్చుకునే క్వాడ్లు | చిన్నవి, రెండు వరసలు | ఉంటే ముందు వైపు | రింకు, నున్నని నేల | 1,000–3,000 |
| సైజు మార్చుకునే ఇన్‌లైన్లు | 64–76 మి.మీ. | మడమ వెనుక | రింకు, సెల్లార్ | 1,500–5,000 |
| ఫిట్‌నెస్ ఇన్‌లైన్లు, మెత్తని బూటు | 80–90 మి.మీ. | మడమ వెనుక | సిమెంటు, మంచి తారు | 5,000–12,000 |
| అర్బన్ ఇన్‌లైన్లు, గట్టి బూటు | 76–90 మి.మీ., నాలుగు, లేదా 110 మి.మీ., మూడు | ఎక్కువగా ఉండదు | అన్ని రకాల రోడ్లు | 10,000–25,000 |
| స్పీడ్ ఇన్‌లైన్లు, పొట్టి బూటు | 100–125 మి.మీ. | ఉండదు | ట్రాక్, నున్నని రోడ్డు | 20,000 పైన |

క్వాడ్లతో మొదలుపెట్టాలా?

మన దగ్గర పిల్లల శిక్షణ చాలాచోట్ల క్వాడ్లతోనే మొదలవుతుంది, దానికి మంచి కారణాలే ఉన్నాయి. నిలబడి ఉన్నప్పుడు కింద ఆధారం వెడల్పుగా ఉంటుంది, మామూలు బూటు మీదే కట్టుకోవచ్చు, పాదం పెరిగితే ప్లేటు జరుపుకోవచ్చు. ఇష్టం కొనసాగితే క్వాడ్ల మీద ఎంత దూరమైనా వెళ్లవచ్చు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా క్వాడ్ల మీద విన్యాసాలు చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనే 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్య పతకాలు గెలిచారు, 2015లో అర్జున అవార్డు అందుకున్నారు.

అయితే రోడ్డు మీద తిరగాలనుకునే పెద్దవాళ్లకు కట్టుకునే క్వాడ్లు సరిపడవు. చక్రాలు చిన్నవి, ముందూ వెనకా ఉన్న ఆధారం పొట్టిది. కాలి కింద చిన్న రాయి పడితే స్కేటు ఠక్కున ఆగిపోతుంది, మనిషి ఆగడు. ఇన్‌లైన్ స్కేటు ముందువెనకలకు పొడవుగా ఉంటుంది కనుక అలాంటి కుదుపును కొంత తట్టుకుంటుంది. ఇన్‌లైన్ నేర్చుకోవాలంటే ముందు క్వాడ్ రావాలనే నియమం ఏదీ లేదు. మీ గమ్యం రోడ్డే అయితే నేరుగా ఇన్‌లైన్‌తో మొదలుపెట్టండి.

సైజు మార్చుకునే చౌక ఇన్‌లైన్లు

ఎదిగే పిల్లలకు ఇవి అర్థవంతమైన కొనుగోలు. ఏడాదిన్నరో రెండేళ్లో ఒకే జతతో గడిచిపోతుంది. కొనేటప్పుడు చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. గోరుతో నొక్కినా చలించని గట్టి ప్లాస్టిక్ చక్రమైతే అది సిమెంటు మీద జారుతుంది, వదిలేయండి. రబ్బరులా ఉండే పాలీయూరిథేన్ చక్రం కొంచెం పట్టు ఇస్తుంది. బూటును రెండు చేతులతో పట్టుకుని చీలమండ దగ్గర పక్కకు వంచండి. సులువుగా మడతపడితే ఆ బూటు పిల్లవాడి కాలిని నిలబెట్టలేదు.

పెద్దవాళ్లు మాత్రం వీటి జోలికి వెళ్లవద్దు. పెద్దల సైజుల్లోనూ ఇవి అమ్ముతారు, ధర కూడా ఊరిస్తుంది. 70 కిలోల బరువు కింద చక్రాలను పట్టి ఉంచే వీటి ఫ్రేము పక్కకు వంగుతుంది, సైజు జరిపే జాయింటు కాలక్రమంలో వదులవుతుంది. రెండు నెలలకు మూలన పడే మూడు వేల స్కేట్ల కంటే రెండేళ్లు వాడే ఏడు వేల స్కేట్లే చౌక.

మెత్తని బూటా, గట్టి బూటా?

పెద్దవాళ్లకు నిజమైన సందేహం ఈ రెండింటి మధ్యే ఉండాలి. మెత్తని బూటు ఫిట్‌నెస్ స్కేట్లు స్పోర్ట్స్ షూ లాగా ఉంటాయి. గాలి ఆడుతుంది, బరువు తక్కువ, తొడిగిన మొదటి రోజు నుంచే హాయిగా ఉంటాయి. మన ఎండలకు ఆ గాలి ఆడటం చిన్న విషయమేమీ కాదు. ఏప్రిల్‌లో ఉదయం ఏడు దాటితే గట్టి బూటు లోపల సాక్సు పిండితే నీళ్లు వస్తాయి. డెకాథ్లాన్ దుకాణాల్లో దొరికే ఫిట్‌నెస్ మోడళ్లు, రోలర్‌బ్లేడ్ కంపెనీ జెట్రాబ్లేడ్, మాక్రోబ్లేడ్ వరసలు ఈ తరహావి. మడమ బ్రేకు వీటికి సాధారణంగా అమర్చే ఉంటుంది.

గట్టి బూటు అర్బన్ స్కేట్లలో బయటి పెంకు గట్టి ప్లాస్టిక్‌ది, లోపలి లైనర్ విడిగా బయటికి వస్తుంది. పాదం కదిలినంత ఖచ్చితంగా స్కేటు కదులుతుంది. మలుపులు, వెనక్కి స్కేటింగ్, కోన్ల మధ్య మెలికలు తిరుగుతూ సాగే స్లాలం వీటి మీదే బాగా వస్తాయి. రోడ్డుకు రాసుకున్నా చిరగవు, లైనర్ ఉతుక్కోవచ్చు, చక్రం, బకిల్, ఫ్రేము దేనికది మార్చుకోవచ్చు. పవర్‌స్లైడ్, ఎఫ్‌ఆర్ కంపెనీల అర్బన్ మోడళ్లు, రోలర్‌బ్లేడ్ కంపెనీ ట్విస్టర్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, సైజు కొద్దిగా తప్పినా పుండ్లు పడతాయి. బ్రేకు విడిగా కొని బిగించుకునే వీలుందో లేదో ముందే అడగాలి.

వారానికి మూడు నాలుగు రోజులు ఉదయాన్నే చదునైన దారిలో అరగంట, ముప్పావుగంట తిరగడం మీ ఉద్దేశమైతే మెత్తని బూటే తీసుకోండి. మీ బరువు 85 కిలోలు దాటినా, మీ చుట్టూ ఉన్నది గతుకుల రోడ్డే అయినా, విన్యాసాలు నేర్చుకోవాలని మనసులో ఉన్నా గట్టి బూటుకు అదనంగా పెట్టిన డబ్బు వృథా కాదు. నేను ఇప్పుడు వాడుతున్నది గట్టి బూటు. అయినా మా కాలనీలో అడిగినవారికి ఎక్కువసార్లు మెత్తనిదే చెప్పాను, ఎందుకంటే వాళ్లు కోరుకున్నది ఉదయపు వ్యాయామం.

ఏ బూటైనా దాని కింద అల్యూమినియం ఫ్రేము ఉంటే మేలు. కాంపోజిట్ ప్లాస్టిక్ ఫ్రేము గతుకుల అదురును కొంత పీల్చుకుంటుంది, తేలికపాటి మనిషికి చాలు. బరువైన మనిషి బలంగా తోసినప్పుడు మాత్రం వంగి శక్తిని మింగేస్తుంది.

స్పీడ్ స్కేట్ల గురించి తల్లిదండ్రులకు

2025 సెప్టెంబరులో చైనాలోని బైదైహెలో జరిగిన స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తమిళనాడు యువకుడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచారు. అలాంటి విజయం చూసి పిల్లవాడికి అవే తరహా స్కేట్లు కొనిపెట్టాలనిపించడం సహజం. స్పీడ్ బూటు చీలమండ కిందికే ఆగిపోతుంది; పాదాన్ని నిలబెట్టేది బూటు కాదు, ఏళ్ల తరబడి సాధనతో గట్టిపడిన కండరాలు. వంగి, ఒక కాలి మీద నిలకడగా పది క్షణాలు జారగలిగి, కోరినచోట ఆగగలిగాక, కోచ్ చెప్పినప్పుడు కొనండి. వ్యాయామం కోసం వచ్చే పెద్దవాళ్లకు ఇవి అవసరం లేదు.

ఎవరికి ఏది

ఎనిమిదేళ్ల పిల్లకు దగ్గరలో రింకూ కోచూ ఉంటే కోచ్ వాడే రకమే కొనడం మంచిది. అందరూ క్వాడ్ల మీద ఉన్న తరగతిలో ఒక్క పిల్ల ఇన్‌లైన్ మీద ఉంటే నేర్పడం ఆయనకూ కష్టమే. విశాఖలో వుడా పార్కు (ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు) రింకు లాంటి చోటు అందుబాటులో ఉన్నవాళ్లు కొనకముందు ఒకరోజు వెళ్లి, పిల్లల కాళ్లకు ఏమున్నాయో చూసి రండి.

రోజంతా కుర్చీలో పనిచేసే ముప్పై, నలభై ఏళ్లవారికి మడమ బ్రేకు ఉన్న 80 లేదా 84 మిల్లీమీటర్ల ఫిట్‌నెస్ జత. చోటు వెతుక్కోవడమే వీరికి అసలు పని. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేసే సమయం దీనికి బంగారం లాంటిది, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకున్న అంచులను మాత్రం తప్పించుకోవాలి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు వైపు పోయేవారు వెలుగు రాకముందూ వెళ్లవద్దు, ట్రాఫిక్ పెరిగాకా వెళ్లవద్దు.

యాభై దాటినవారు కూడా నేర్చుకోవచ్చు. ఎముకల సాంద్రత తగ్గిందని తెలిసినా, కళ్లు తిరిగే సమస్య ఉన్నా ముందు డాక్టరును అడగాలి. మొదటి నెల రింకులోనే, మనిషి తోడుగా, 80 మిల్లీమీటర్లు దాటని చక్రాలతో సాగాలి.

అమెరికాలో, ఐరోపాలో ఉన్న మనవాళ్లకు మైళ్ల కొద్దీ నున్నని తారు ట్రెయిళ్లు దొరుకుతాయి. అక్కడ 90 మిల్లీమీటర్ల చక్రాలతోనే మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. రాలిన ఆకులు తడిసి ఉన్న దారి మాత్రం మన ఆయిల్ మరకల లాంటిదే.

స్కేట్లతో పాటే కొనవలసినవి

బడ్జెట్ పదివేలనుకుంటే స్కేట్లకు ఎనిమిదే పెట్టండి. మిగిలిన రెండు వేలు హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, మణికట్టు గార్డులవి. పడేటప్పుడు ఎవరైనా అరచేతులు ముందు చాపుతారు. బరువంతా మణికట్టు మీద పడుతుంది. అమెరికాలో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన ఇన్‌లైన్ స్కేటర్ల మీద జరిగి, 1996లో ప్రచురితమైన అధ్యయనంలో, మణికట్టు గార్డులు లేనివారికి అక్కడ గాయమయ్యే అవకాశం పది రెట్లు ఎక్కువని తేలింది. గార్డులో అరచేతి వైపున్న ప్లాస్టిక్ పలక నేల మీద జారుతుంది, గార్డు లేకుంటే చర్మం నేలను పట్టుకుని ఆగిపోతుంది. ఎముక విరగడానికీ విరగకపోవడానికీ తేడా అక్కడుంది. దుకాణంలో ప్యాడ్ల సెట్టు కొనేటప్పుడు ఆ పలక నిజంగా గట్టిదో, గుడ్డలో కుట్టిన అట్టముక్కో నొక్కి చూడండి.

ఖర్చు అక్కడితో ఆగదని కూడా తెలిసి ఉండాలి. తోసే తీరు వల్ల చక్రాల లోపలి అంచు ముందుగా అరుగుతుంది. రెండు మూడు వారాలకోసారి అల్లెన్ కీతో విప్పి, ఒకటో చక్రాన్ని మూడో చోటికి, రెండోదాన్ని నాలుగో చోటికి మార్చి, అరిగిన వైపు బయటికి వచ్చేలా తిప్పి, కుడి కాలివి ఎడమ కాలికి వేస్తే చక్రాలు చాలాకాలం వస్తాయి. బ్రేకు దిమ్మ అరుగుదల గీత దాటితే మార్చాలి. వాన నీళ్లలో ఒక్కసారి తిరిగినా బేరింగులు తుప్పు పడతాయి. తడిస్తే అదే రోజు తీసి తుడిచి, ఆరబెట్టి, ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయండి. విడిభాగాలు దొరకని మోడల్ ఎంత చౌకైనా కొనకపోవడానికి కారణం ఇదే: బ్రేకు దిమ్మ, చక్రాలు విడిగా అమ్ముతారా అని బిల్లు వేయించకముందే అడగండి.